అంచకూ బాతుకూ నడుమ

తెల్లదొరలు వత్రాప్ అని కుదించిన ఊరి అసలు పేరు వత్తిరాయిరుప్పు. విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల అడుగున, వరి పండే ఊరు. పేరు చివర ఉన్న 'ఇరుప్పు' మనకు పరాయిది కాదు. తెలుగు 'ఇరవు'కు తోబుట్టువు, ఉండే చోటని అర్థం. మొదటి ముక్క మీద అక్కడ చెప్పుకునే వ్యుత్పత్తుల్లో ఒకటి 'వఱ్ఱాద ఆఱు', అంటే ఎండిపోని ఏరు. పాలివ్వడం మానిన ఆవును మనం వట్టిపోయింది అంటామే, ఆ వట్టుకూ తమిళుల వఱ్ఱుకూ మూలం ఒకటే. ఈ వ్యుత్పత్తికి భాషాశాస్త్రం ఎన్ని మార్కులు వేస్తుందో గాని, నీటిపిట్టల పేర్లు తవ్వబోయేవాడు ఎండిపోని ఏటి ఒడ్డున కూర్చోవడం క్షేమం.

ఈ ఊరి నుంచి మొదలుపెట్టడానికి ఇంకో కారణం ఉంది. తెలుగు కావ్యాల్లో బాతులు కనిపించే చోట్లలో అతి ముచ్చటైనది దీని పక్కనే ఉంది. శ్రీవిల్లిపుత్తూరు ఇక్కడికి దగ్గర. శ్రీకృష్ణదేవరాయలు 16వ శతాబ్దం మొదటి పాదంలో ఆముక్తమాల్యద రాస్తూ ఆ ఊరి పొలాలను వర్ణించాడు. వరిమళ్ల మధ్య కాలవల్లో బాతువులు రెక్కల్లో తలలు దూర్చి నిద్రపోతున్నాయి. తెల్లవారుజామున స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మలు పిండి పెట్టి మరచిపోయిన బట్టలు అవి అనుకున్నారు ఊరి కావలివాళ్లు. పాపం, వాళ్ల ఇళ్లకు చేరుద్దామని కాలవలో దిగారు. బట్టలు లేచి పారిపోయాయి. చేను కాస్తున్న ఆడపిల్లలు పకపకా నవ్వారు.

చక్రవర్తి రాసిన పద్యం ఇది. మానససరోవరం లేదు, తామరతూళ్లు లేవు. తలారులున్నారు, తడిబట్టలున్నాయి, మనుషుల పనిపాటల మధ్య నిశ్చింతగా నిద్రపోయే పిట్టలున్నాయి. ఆ పిట్టకు రాయలు పెట్టిన పేరు హంస కాదు, అంచ కాదు, బాతువు.

ఆ బాతువు ఎక్కడిది? తమిళంలో వాత్తు, కన్నడంలో బాతు. తెలుగు బకారానికి తమిళం వకారం పలకడం మామూలే. విరుదునగర్, కోవిల్‌పట్టి ప్రాంతపు తెలుగు కుటుంబాల్లో పిల్లలకు ఇంట్లో బండి, వీధిలో వండి. అలాగే ఇంట్లో బాతు, వీధిలో వాత్తు. ఇంతవరకూ చూస్తే ద్రావిడ పదంలాగే ఉంటుంది. కాని గడప దాటి చూస్తే హిందుస్తానీలో బతఖ్, పారసీలో బత్, అరబ్బీలో బత్త్. పోర్చుగీసువాళ్లూ బాతును 'పాతు' అంటారు. ఓడరేవు ఓడరేవుకూ ఈ పిట్ట ఒకే పేరుతో తిరుగుతోంది.

పోర్చుగీసువాడి నుంచి మనకు మేజా, అల్మారా, బొప్పాయి వచ్చాయి కనుక బాతును కూడా వాడి ఖాతాలో రాసేద్దామని కొందరికి అనిపిస్తుంది. ఇక్కడే రాయల పద్యం సాక్షిగా పనికొస్తుంది. వాస్కో ద గామా కాలికట్‌లో దిగింది 1498లో. పోర్చుగీసులు గోవా పట్టింది 1510లో. ఆ తరవాత పదీ పదిహేనేళ్లకే ఒక పరదేశి మాట పాండ్యదేశపు వరిమడిదాకా నడిచి, కావ్యంలో ఇంటి మాటలా, బహువచనంతో సహా స్థిరపడిపోవడం నమ్మశక్యం కాదు. నా మొగ్గు అరబ్బు వర్తకుల వైపు. వాళ్లు అంతకు శతాబ్దాల ముందు నుంచే ఈ తీరాన ఉన్నారు. తడిబట్టలని భ్రమపడ్డ తలారుల పుణ్యమా అని ఒక మాట వయసు తెలిసింది.

బాతు ఓడ మీద వచ్చిందేమో గాని, హంస మాత్రం అంతకు ముందే సగం ప్రపంచం తిరిగింది. సంస్కృతంలో హంస, జర్మన్‌లో గాన్స్, గ్రీకులో ఖేన్, లిథువేనియన్‌లో ఝాసిస్, రష్యన్‌లో గూస్య్, లాటిన్‌లో అన్సెర్, ఇంగ్లీషులో గూస్. ఇవన్నీ ఒకే గూటి పిల్లలు. ఇంగ్లీషులో నకారం జారిపోయింది గాని, మగదాని పేరు గాండర్‌లో అది భద్రంగా మిగిలింది. ఇంట్లో పోయిన వస్తువు మొగుడి జేబులో దొరికినట్టన్నమాట.

ఇందులో నాకు నచ్చింది లాటిన్ పద్ధతి. వాళ్లు మొదటి హకారాన్ని మింగేసి అన్సెర్ అన్నారు. వేల మైళ్ల ఇవతల, వాళ్లతో ఏ సంబంధమూ లేకుండా, తెలుగువాడూ ఆ హకారాన్నే మింగి అంచ అన్నాడు. సకారం చకారమైంది. కాంస్యం కంచు అయినట్టే హంస అంచ అయింది. రాజహంస రాయంచ అయింది. హంసలా నడిచే ఆమె అంచయాన.

కన్నడంలో ఇది అంచె. కన్నడిగులకు అంచె అంటే తపాలా కూడా. నలదమయంతుల నడుమ కబురు మోసింది హంసే కదా, తపాలాకు దాని పేరే పెట్టి ఉంటారని ఊహించడం హాయిగానే ఉంటుంది. తిరువాన్కూరు సంస్థానంలోనూ తపాలాను అంచల్ అనేవాళ్లు. కాని మన 'అంచెలంచెలుగా' ఈ ఊహకు అడ్డుపడుతుంది. అంచె అంటే మజిలీ, మనిషి నుంచి మనిషికి మోత మారే చోటు. ఉత్తరాలు అంచెల మీద నడిచాయి, హంసల మీద కాదు.

పడమటి కనుమలు దాటితే మలయాళంలో రాజహంస అరయన్నం. అరయన్ అంటే రాజు, అన్నం అంటే హంస. మన రాయంచనూ వాళ్ల అరయన్నాన్నీ పక్కపక్కన పెడితే ఎముకకు ఎముక సరిపోతుంది. తమిళంలోనూ హంస అన్నమే. పాత తమిళానికి హకారమూ లేదు, సకారమూ లేదు. హంస దగ్గర మిగిలింది ముక్కుతో పలికే ధ్వని ఒక్కటే. దాన్నే ఒత్తి పలికి అన్నం చేసుకున్నారు.

చిక్కు ఇక్కడుంది. తెలుగింట పుట్టి తమిళ బడికి వెళ్లే పిల్లవాడికి అన్నం కంచంలో ఉంటుంది. వాచకంలోని అన్నం నీళ్ల మీద ఈదుతుంది. తినే అన్నం సంస్కృతపు 'అద్' ధాతువు నుంచి వచ్చింది, ఇంగ్లీషు 'ఈట్' కూడా దాని చుట్టమే. ఈదే అన్నానికి దానితో సంబంధం లేదు. తమిళులు వండిన బియ్యాన్ని సోఱు అనో సాదం అనో అని ఈ తగాదాను చాలావరకు తప్పించుకున్నారు. మనకా వెసులుబాటు లేదు. తమిళనాట ఆడపిల్లకు అన్నం అని పేరు పెడితే హంస నడక గుర్తొస్తుంది. తెలుగునాట అదే పేరుతో పిలిస్తే ఇంట్లోవాళ్లందరూ పీటలు వేసుకుంటారు.

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తల్లిభాష తెలుగు, రాసింది తమిళం. ఆ నల్లరేగడి నేల మాటలన్నీ ఏరి ఒక మాండలిక నిఘంటువు కూర్చాడు. తెలుగువాళ్లు దక్షిణానికి వలసవచ్చి ఊరు కట్టుకున్న కథను గోపల్ల గ్రామంగా రాశాడు. వలస మాట వచ్చింది కనుక చెప్పాలి: ఉత్తరం నుంచి వచ్చిన అంచ చలికాలం పోగానే తిరిగి వెళ్లిపోతుంది. ఉత్తరం నుంచి వచ్చిన తెలుగు వెళ్లలేదు. ఉండిపోయి, అన్నానికి రెండర్థాలు నేర్చుకుంది.

అంచ వెళ్లిపోతుందని తమిళులకు ఎప్పుడో తెలుసు. సంగకాలపు పుఱనానూరులో పిసిరాందైయార్ అనే కవి ఒక మగ అన్నాన్ని పిలిచి కబురు చెబుతాడు. కన్యాకుమారి రేవులో చేపలు మేసి ఉత్తరపు కొండకు వెళ్తున్నావు కదా, దారిలో చోళదేశంలో ఆగి, ఉఱైయూరులో మా రాజు కోప్పెరుంజోళుణ్ణి చూడు, నేను పిసిర్ ఆందై మనిషినని చెప్పు, నీ ఆడదానికి పెట్టుకోవడానికి నగలిస్తాడు అని. ఈ అన్నం, అంటే ఇంగ్లీషు గూస్, మన పెద్దబాతే. పెద్దబాతులకు చేపల కన్న గడ్డి, గింజలే ప్రీతి కనుక మేత సంగతి కవికి వదిలేద్దాం. మిగతాదంతా నిక్కం. దక్షిణపు కొస నుంచి ఉత్తరపు కొండకు వెళ్లడం నిజం, జంటగా ఉండడం నిజం. మగవాడికి కబురు చెప్పి పెళ్లానికి నగ ఆశ చూపడం కూడా లోకంలో నిజమే. ఆ ఆడపక్షికి కవి వాడిన మాట పేడై, మన కోడిపెట్టలోని పెట్టకు చుట్టం.

సంస్కృతం మాత్రం ఆడ హంసకు ప్రత్యేకంగా ఒక పేరు పెట్టింది: వరట. అమరకోశం చూడండి, హంస భార్య వరట. అదే కోశంలో ఇంకాస్త ముందుకు వెళ్తే కందిరీగ కూడా వరటే. నిఘంటుకారుడికి పిట్టలతో స్వానుభవం ఉందని నా గట్టి నమ్మకం. గుడ్ల మీద కూర్చున్న పెద్దబాతు దగ్గరికి వెళ్లినవాడు ఆ రెండర్థాల మధ్య తేడా కనిపెట్టలేడు.

నైషధంలో ఈ వరట కన్నీరు తెప్పిస్తుంది. శ్రీహర్షుడు చెప్పిన కథనే శ్రీనాథుడు తెలుగు చేశాడు. నలుడి చేతికి చిక్కిన బంగారు హంస రాజును రెక్కల అందం చూడమనదు. ఇంటి సంగతి చెబుతుంది. ముసలి తల్లికి నేనొక్కణ్ణే కొడుకుని, నా భార్య పచ్చి బాలింత, నన్ను చంపితే వాళ్ల గతేమిటి అని. పక్షుల శాస్త్రం తెలిసినవాడు విన్నా ఇందులో దిద్దాల్సింది తక్కువే. పెద్దబాతులు ఏళ్ల తరబడి ఒకే జంటగా బతుకుతాయి. ఆడది నెలకు కాస్త తక్కువగా పొదుగుతుంది, మగది గూటి దగ్గర కాపలా ఉంటుంది. పిల్లలు గుడ్డులోంచి వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే అమ్మానాన్నల వెంట నీళ్లలో దిగుతాయి. తొలి చలికాలమంతా వాళ్లతోనే ఉంటాయి. హిమాలయాలు దాటి వచ్చే మొదటి ప్రయాణం తల్లిదండ్రుల వెంటే.

మామూలు అడవి బాతుల్లో ఇంత సంసారం లేదు. ఆడది గుడ్ల మీద కూర్చోగానే మగవాడు సర్దుకుంటాడు. పెంపుడు బాతుల్లో తల్లులకూ పొదిగే ఓపిక తగ్గిపోయింది, అందుకే గుడ్లను కోడి కింద పెట్టి పొదిగిస్తారు. పిల్లలు నీళ్లలోకి ఉరికితే గట్టున కోడి గగ్గోలు పెట్టడం పల్లెల్లో పెరిగినవాళ్లకు కొత్త కాదు. ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ ఈ కథను తిరగేశాడు. గుడ్డులోంచి రాగానే తనను చూసిన పెద్దబాతు పిల్లలు తననే తల్లిగా ఎంచి వెంట తిరగడాన్ని గమనించి రాశాడు. జంతువుల నడవడి మీద చేసిన కృషికి 1973లో నోబెల్ పంచుకున్నాడు. గడ్డమున్న మనిషిని అమ్మ అనుకోవడం పిల్లల తప్పు కాదు. మొదట కనబడినవాడు అమ్మ, అదే వాటి నిఘంటువు.

ఇంటి కాపలా మాట వస్తే హంసవింశతి తలుచుకోకుండా ఉండలేం. అయ్యలరాజు నారాయణామాత్యుడి కావ్యం. భర్త ఊళ్లో లేని వేళ భార్య గడప దాటబోతుంటే, హంస రాత్రికో కథ చెప్పి ఆపుతుంది. శుకసప్తతిలో ఈ ఉద్యోగం చిలుకది. చిలుకకు నోరుంది, నిజమే. కాని కాపలాకు హంసను పెట్టడమే సబబు. రోములో క్రీ.పూ. 390 ప్రాంతంలో గాల్ సేన రాత్రివేళ కొండ ఎక్కుతుంటే కుక్కలు నిద్రపోయాయనీ, గుడి పెద్దబాతులు అరిచి కోటను కాపాడాయనీ లివీ రాశాడు. తోటల్లో పెద్దబాతుల్ని పెంచేవాళ్లు నేటికీ వాటిని సగం కుక్కల లెక్కలోనే వేస్తారు.

మనిషి పక్కన ఇన్నాళ్లు నడిచిన పిట్ట రాతలో కూడా అడుగు పెట్టింది. ఐరోపా దాని ఈకను తీసుకుంది. లాటిన్‌లో 'పెన్నా' అంటే ఈక, మన జేబులో పెన్ను అదే. మనకు తాటాకు, గంటం ఉన్నాయి కనుక ఈక అవసరం పడలేదు. మనం పాదం తీసుకున్నాం. రాస్తూ రాస్తూ అక్షరం జారిపోతే, ఆ చోట కింద వేసే గుర్తు హంసపాదు. వేళ్ల మధ్య పొర ఉన్న పక్షి బురదలో అడుగు వేస్తే పడే ముద్ర లాంటిదే. మొదటి పంక్తిలోనే ఆ గుర్తు పెట్టాల్సి వస్తే ఆదిలోనే హంసపాదు. పని మొదలుపెట్టగానే ఆటంకం వస్తే ఇప్పటికీ అదే మాట వాడతాం, అది లేఖకుల గదిలోంచి వచ్చిన మాటన్న సంగతి తెలియకుండానే. వాళ్లు పిట్ట ఈకతో రాశారు, మనం దాని కాలితో తప్పులు దిద్దుకున్నాం. ఫ్రెంచివాళ్లు ఇదే పద్ధతిలో కొంగ కాలిని వాడుకున్నారు. వంశవృక్షంలో కొమ్మలు చీలే గుర్తు కొంగపాదంలా ఉందని దానికి 'పియే ద గ్రూ' అన్నారు, అదే ఇంగ్లీషులో పెడిగ్రీ అయింది.

పాదాల వెంట వెళ్తే ఒక్కోసారి బురదలో పడతాం కూడా. ఒక జాతి ఆకుకూరలకు లాటిన్ పేరు కీనోపోడియం, గ్రీకు ఖేన్ నుంచి, అంటే అక్షరాలా హంసపాదమే. అందులో ఒకదాన్ని హిందీవాళ్లు బథువా అంటారు. ఇక్కడ హంస, అక్కడ బాతు, భలే కుదిరిందని చప్పట్లు కొట్టబోయే ముందు సంస్కృతం చూడాలి. బథువా వాస్తూకం నుంచి వచ్చింది. బాతుకూ దానికీ ఏ బంధుత్వమూ లేదు.

ఇన్ని ఇచ్చిన పిట్టకు మనం చేసిన న్యాయం చూడండి. హంస పాలనూ నీళ్లనూ వేరుచేస్తుందన్నాం. శ్రీవిల్లిపుత్తూరులో పాలకోవా చేసేవాళ్లు ఆ పని పొయ్యి మీద, హంస సాయం లేకుండానే, రోజూ చేస్తున్నారు. 2019లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నారు. బ్రహ్మకు వాహనం అన్నాం. యోగికి పరమహంస అన్నాం. ఒక్కో మెట్టే ఎక్కిస్తూ పోయి చివరికి అదొక లేని పక్షి అనుకునేదాకా వచ్చాం. ఆపైన ఇంగ్లీషు చదువు వచ్చింది. ఇంగ్లీషులో గూస్ అంటే తెలివితక్కువదని కూడా అర్థం. కావ్యనాయికకు ఆ పిట్ట నడక అంటగట్టడానికి అనువాదకులకు చేతులు రాలేదు, స్వాన్ అని రాశారు. స్వాన్ మన దేశంలో అరుదైన అతిథి, వాయవ్యపు మూలకు ఎప్పుడో వచ్చిపోతుంది. 1899లో రవివర్మ దమయంతి ముందు నిలబెట్టింది పొడుగు మెడ స్వాన్‌నే. ఆ బొమ్మ ఇంటింటికీ క్యాలెండరై చేరింది. వరంగల్ కోట తోరణాల పైనున్న కాకతీయుల హంసల్ని చూస్తే బొద్దుగా, పొట్టిగా, పొలం గట్టున కనబడే పెద్దబాతుల్లా ఉంటాయి. డచ్చి పండితుడు ఫోగెల్ 1962లో అచ్చయిన ఒక పుస్తకమే రాసి, భారతీయ సాహిత్యంలో, శిల్పంలో హంస అంటే పెద్దబాతేనని వాదించాడు. మన శిల్పులకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ పెద్దబాతు ఇంకా వస్తూనే ఉంది. తల మీద రెండు నల్ల చారలున్న పిట్ట. టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర గుడ్లు పెడుతుంది. మానససరోవరం దాని ఇల్లని కవులన్నది కల్పన కాదు, చిరునామా. 7 వేల మీటర్లకు పైన ఎగిరి హిమాలయాలు దాటడాన్ని యంత్రాలు కట్టి కొలిచారు. దక్షిణాన అది చలికాలం గడిపే చోట్లలో ఒకటి తిరునెల్వేలి జిల్లా కూందన్‌కుళం. 1994లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు గాని, ఊరివాళ్లు అంతకు చాలా ముందు నుంచే పక్షుల్ని ఇంటివాళ్లలా చూసుకుంటున్నారు. అక్కడ పెద్దకొంగలు పెరళ్లలోని చెట్ల మీద గూళ్లు పెడతాయి, పెద్దబాతులు చెరువులో దిగుతాయి. రెట్టతో బలిసిన చెరువు మట్టి పొలాలకు ఎరువు. లాభం ఉంది కదా అని ఈ స్నేహాన్ని తక్కువ చేయనక్కర్లేదు. ఏ ఇంట్లోనైనా బంధుత్వానికి కాస్త ఎరువు ఉంటుంది.

ఆ పక్షిని ఇవాళ తమిళులు వరిత్తలై వాత్తు అంటారు, చారతల బాతు అని. మనమూ పెద్దబాతు అని సరిపెట్టుకుంటున్నాం. ఇండో-యూరోపియన్ భాషల్లో అతి పాత పక్షిపేర్లలో ఒకటి దీనిది. ఆ పేరు తీసి దేవుడికిచ్చి, దీనికి పక్కింటి పిట్ట పేరు అప్పు తెచ్చి, ముందు 'పెద్ద' తగిలించాం. కొడుకు పేరు మరచిపోయి 'ఫలానా వారి తమ్ముడు' అని పిలిచే ఇల్లు మనది.

నా సలహా ఒకటుంది. దీన్ని చారతల అంచ అనుకుందాం. అంచ మరీ కావ్యాల మాట, బురదలో దిగే పిట్టకు నప్పదని ఎవరైనా అనొచ్చు. బురదలోని బాతువును కావ్యంలోకి ఎక్కించడానికి రాయలు వెనకాడలేదు కదా, కావ్యంలోని అంచను చెరువులో దించడానికి మనకేం అడ్డు? కాకపోతే హొసూరు సరిహద్దు దాటి అటువైపు 'అంచ వచ్చింది' అని కేకేస్తే మాత్రం, ఉత్తరాలేమైనా ఉన్నాయా అని జనం గుమ్మాల్లోకి వస్తారు.